పాత పొయ్యి మీద ఇటుక కమాను మళ్లీ కట్టడం ఎలా?

విశాఖపట్నం వన్ టౌన్‌లోనో, అల్లిపురంలోనో తాతల నాటి ఇల్లు బాగుచేసుకుంటున్నవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగేవి మూడే ప్రశ్నలు. వంటింట్లో కట్టెల పొయ్యి మీదున్న ఇటుక కమాను నడుమ చీలింది, సిమెంటు కూరితే సరిపోదా? అసలు దాన్ని పీకేసి ఆర్‌సీసీ లింటెల్, అంటే కాంక్రీటు అడ్డ దూలం, వేసేస్తే గొడవ వదలదా? లేదూ, మళ్లీ కమానే కడితే కింద సెంట్రింగ్, అంటే కమానును మోసే చెక్క అచ్చు, ఎన్నాళ్లు ఉంచాలి?

మొదటిదానికి జవాబు: సరిపోదు. చీలిక ఎందుకు వచ్చిందో ఆ కారణం గోడలో అలాగే ఉంటుంది. ఆర్నెల్లలో సిమెంటు పక్కనే ఇంకో గీత లేస్తుంది. రెండోదానికి: పొయ్యి మీద వద్దు. లింటెల్‌లో ఇనుప చువ్వలుంటాయి. కింద మంట వేడి, చుట్టూ సముద్రపు ఉప్పుగాలి. చువ్వ తుప్పు పట్టిందంటే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. బీచ్ రోడ్డు వైపు పాత అపార్టుమెంట్ల బాల్కనీల కింద తలెత్తి చూడండి, ఏం జరుగుతుందో కనిపిస్తుంది. ఇనుప ఎల్ యాంగిల్ పెట్టినా అదే కథ. ఇటుకకు తుప్పు లేదు. మూడో ప్రశ్నకు జవాబు కాస్త పొడుగు, పదో మెట్టులో ఉంది.

నేను మేస్త్రీని కాను. పాత ఇళ్ల మరమ్మతు పనులు దగ్గరుండి చూసుకునే మనిషిని. ఓల్డ్ పోస్టాఫీసు దగ్గర మా అమ్మమ్మ గారి ఇంట్లో కట్టిన కమాను కొలతలే ఇక్కడ ఉదాహరణగా ఇస్తున్నాను: పొయ్యి గూడు వెడల్పు 4 అడుగులు, కమాను ఎత్తు నడిమధ్యన 8 అంగుళాలు, గోడ మందం 9 అంగుళాలు. అరకు, అనంతగిరి వైపు చలిమంట గూడు ఉన్న ఇల్లు మీదైతే పద్ధతి ఇదే, కొలతలే మారతాయి. తలుపు మీద, కిటికీ మీద కమానుకైనా ఇంతే, మంట సంగతి ఒక్కటి వదిలేయండి.

పడగొట్టే ముందు చీలికను చదవండి

కమాను బరువు నేరుగా కిందికి దిగదు. రెండు పక్కలకీ తోసుకుంటూ కాళ్లలోకి, అంటే కమాను ఆనుకున్న రెండు పక్కల గోడల్లోకి, దిగుతుంది. మీకు కావలసిన సిద్ధాంతం ఇంతే. మా మేస్త్రీ దీన్ని ఇంకా బాగా చెప్పాడు. నేను చీలికలోకి టార్చి వేసి చూస్తుంటే వెనక నుంచి, "ఏటి బాబూ, తల నొప్పంటే తలే సూత్తారా? కాళ్లు సూడండి ముందు" అన్నాడు.

చీలిక నడినెత్తిన ఉండి, కింది వైపు ఎక్కువ తెరుచుకుంటే, కాళ్లు పక్కలకు జరిగాయని అర్థం. ఒక పక్కనే మెట్లు మెట్లుగా పాకితే ఆ వైపు కాలు కిందికి దిగింది. మా ఇంట్లో అదే జరిగింది. పొయ్యికి ఎడమ పక్కన అంట్లు తోముకునే తొట్టి ఉంది. దాని తూము గోడలోపల ఎప్పుడో పగిలింది. ఆ తడికి మట్టి మెత్తబడితే పందికొక్కులు మిగతా పని పూర్తి చేశాయి. తూము మార్చి, పునాది పక్కన గుల్లయిన చోట కంకర, సున్నపు మాలు (సున్నం, ఇసుక కలిపిన ముద్ద) దట్టించి, రెండు నెలలు ఆగాం. కాలు ఇక కదలడం లేదని తేలాకే కమాను జోలికి వెళ్లాం.

ఇటుకలు వదులయ్యాయి గానీ పెద్ద చీలిక లేదు, గోరుతో గీకితే సున్నం పొడిగా రాలుతోంది. ఇలా ఉంటే మాలు చచ్చిపోయింది, అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకు పెంకులు లేచిపోయి గోడల్లోకి నీళ్లు దిగిన ఇళ్లలో ఇది బాగా చూశాను. కాళ్లు గట్టిగా ఉంటే ఇదే అన్నిటికంటే తేలిక పని.

చీలిక ఇంకా పెరుగుతోందా, ఆగిపోయిందా అని అనుమానమైతే దానికి అడ్డంగా సున్నం ముద్ద రెండు చోట్ల పల్చగా మెత్తండి. పక్కన పెన్సిల్‌తో తేదీ రాయండి. ఆరిన నాలుగు రోజుల తర్వాత ఒకసారి చూసుకోండి, ఎందుకంటే కొన్నిసార్లు సున్నం ఆరుతూ తానే సన్నగా పగులుతుంది. అలా పగిలితే మళ్లీ మెత్తండి. ఆ తర్వాత నెల రోజుల్లో చీలిక వెంబడే గీత పడితే, గోడ కదులుతోందన్నమాట.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మీరు ముట్టుకోవద్దు. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

- కమానుకు సరిగ్గా పైన దూలం కొన గానీ, మద్రాసు టెర్రస్ (దూలాల మీద ఇటుకలు పేర్చి కట్టిన పైకప్పు) గానీ ఆనుకుని ఉంటే.
- పొగగొట్టం బరువంతా కమాను మీదే నిలబడి ఉంటే. మా ఇంట్లో పొగగొట్టం వెనక గోడ మీద ఉంది, కమాను మీద మూడడుగుల ఎత్తు ఇటుక కట్టుబడి మాత్రమే ఉంది. అందుకే ధైర్యం చేశాం.
- కమానుకు పక్కనున్న గోడ ముక్క 18 అంగుళాల కంటే తక్కువ వెడల్పు ఉంటే. తోపుడును అది కాయలేదు. ఇది పుస్తకాల్లో లెక్క కాదు, ఇంత కమానుకు నేను పెట్టుకున్న హద్దు.
- గోడ పొట్ట ఉబ్బినట్టు బయటికి వస్తే. తూకం గుండు వేలాడదీసి చూస్తే తెలిసిపోతుంది.

వన్ టౌన్‌లో చాలా ఇళ్లకు ఉమ్మడి గోడలు. సుత్తి పట్టుకునే ముందు పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పండి. వాళ్ల వైపు గూట్లో దేవుడి పటాలు ఉండొచ్చు.

ఏమేం కావాలి

ఇటుకలు: పాత కమాను ఇటుకలు బాగుంటే అవే వాడండి. మా ఇంట్లో దొరికినవి 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 2 అంగుళాల మందం. ఇలాంటి పల్చటి ఇటుక కమానుకు ఎంత మంచిదో మూడో మెట్టులో లెక్క చూస్తే తెలుస్తుంది. రెండు వరసలకు 48 పడతాయి, విరిగేవి కలుపుకుని 60 పెట్టుకోండి. కొత్తవి కొంటే బాగా కాలిన ఎర్ర ఇటుకే కొనండి. మన దగ్గర ఎక్కడ చూసినా ఫ్లై యాష్ ఇటుకలే దొరుకుతాయి. గోడలకు అవి పనికొస్తాయి. మంట దగ్గర మాత్రం వద్దు, వాటిని పట్టి ఉంచేది సిమెంటు లాంటి బంధమే, పదే పదే వేడెక్కితే అది బలం కోల్పోతుంది.

ఇటుకను పరీక్షించడానికి రెంటిని ఒకదానికొకటి కొట్టండి, కంచు మోగినట్టు మోగాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. నాలుగడుగుల ఎత్తు నుంచి మట్టి నేల మీద వదిలితే విరగకూడదు.

మాలు: సున్నం ముద్ద ఒక బకెట్టు, ఇసుక రెండు బకెట్లు, మెత్తగా జల్లించిన ఇటుక పొడి ఒక బకెట్టు. 15 లీటర్ల బకెట్టుతో కొలిస్తే ఈ కమానుకు, దాని భుజాలకు సరిపోతుంది. ఇటుక పొడి తప్పనిసరి. ఒట్టి గుల్ల సున్నం లావు అతుకుల్లో లోపల ఎన్నాళ్లకూ గట్టిపడదు, ఇటుక పొడి కలిస్తేనే తడిలో కూడా పట్టు వస్తుంది. కాలీ కాలని ఇటుకలు పొడి చేస్తే అది మట్టే, పనికిరాదు.

ఇసుక నది ఇసుకే కావాలి. "ఇంటి ముందే బీచ్ ఉంది కదా" అని ఒకాయన రెండు గోనెలు తెప్పించేశాడు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. గోడ మీద తెల్లగా పూసి, ఇటుక పైపొరను పొడిపొడిగా రాల్చేస్తుంది. ఎన్నిసార్లు కడిగినా నేను వాడను.

మిగతావి: 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీలు, సరుగుడు బాదులు నాలుగు, ఒక పక్క మందంగా ఇంకో పక్క పల్చగా కోసిన వాలు చెక్కలు ఎనిమిది, తాపీ, రసమట్టం, మూలమట్టం, తూకం గుండు, చెక్క సుత్తి, సన్న ఉలి, నైలాన్ దారం, గోనె సంచులు, గమేళా. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు, మసి కోసం మంచి మాస్కు.

చేసే పద్ధతి

1. సున్నం ముందు సిద్ధం చేసుకోండి. రాళ్ల సున్నమైతే నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. బుసబుసా ఉడికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్టులో చేయకండి, మెత్తబడిపోతుంది. చల్లారాక జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్లు నిలిచేలా కనీసం మూడు వారాలు నాననివ్వండి. ఓపిక లేకపోతే బస్తాల్లో వచ్చే పొడి సున్నం తెచ్చి ఒక రోజంతా నానబెట్టి వాడొచ్చు, కొత్త బస్తా అయితేనే. తాంబూలంలో వేసుకునేదే కదా అని చులకన చేయొద్దు. కంట్లో పడితే పావుగంటకు తక్కువ కాకుండా నీళ్లతో కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

2. ఉన్న కమానును ఫొటోలు తీసి, కొలిచి పెట్టుకోండి. వెడల్పు, నడిమి ఎత్తు, ఎన్ని ఇటుకలు, ఎన్ని వరసలు. ఎదురుగా, పక్కగా, కింద నుంచి తీయండి. పడగొట్టాక "అప్పుడు ఎలా ఉండేదో" అని నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు.

3. లెక్క. వెడల్పును వెడల్పుతో గుణించి, ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, దానికి ఎత్తులో సగం కలిపితే కమాను వ్యాసార్ధం. మనది 48 × 48 = 2304. దాన్ని 64తో భాగిస్తే 36. ఎత్తులో సగం 4. మొత్తం 40 అంగుళాలు. అంటే కమాను కాళ్లు మొదలయ్యే గీతకు 32 అంగుళాల కింద, సరిగ్గా నడిమిన మేకు కొడితే, అక్కడి నుంచి 40 అంగుళాల దారం తిప్పితే కమాను కింది అంచు వస్తుంది.

ఆ వంపు పొడవు సుమారు 51న్నర అంగుళాలు. 2 అంగుళాల ఇటుకలు 23 పడతాయి. అతుకు కింద 6 మిల్లీమీటర్లు, పైన 12. మాలు పట్టుకోవడానికి ఇది చక్కటి మందం. ఇప్పుడు బజారులో దొరికే 3 అంగుళాల ఇటుకలైతే 15 పడతాయి, అతుకు కింద 11, పైన 21 మిల్లీమీటర్లు అవుతుంది. అంత లావు మాలు కమానులో బలహీనతే. వాటినే వాడాలంటే గ్రైండరుతో కింది అంచు పావు అంగుళం తరిగి, 17 పట్టేలా చేసుకోండి. విసుగు పనే. అందుకే మొదట పాత ఇటుకల్ని కాపాడుకోమన్నది.

ఎప్పుడూ బేసి సంఖ్యే రావాలి. నడినెత్తిన అతుకు కాదు, ఇటుక ఉండాలి.

4. పైన ఉన్న గోడకు ఊతం పెట్టండి. కమానుకు అడుగు పైన, గోడలో ఆరపార రెండు బెజ్జాలు పెట్టి, 4 × 4 అంగుళాల గట్టి చెక్క దూర్చి, రెండు వైపులా జాకీలు గానీ బాదులు గానీ నిలబెట్టండి. నేల మీద పలక వేసి దాని మీద నిలబెట్టాలి, లేకపోతే పాత గచ్చులోకి దిగిపోతుంది. ఈ ఊతం చేతితో ఊపితే కదలనంత బిగువుగా ఉండాలి. అలాగని గోడను పైకి లేపేంత బిగించకూడదు.

5. పాత ఇటుకలు నడినెత్తి నుంచి మొదలుపెట్టి రెండు వైపులకీ సమంగా తీయండి. ఒక పక్క మొత్తం లాగేస్తే రెండో పక్క మీ కాలి మీద పడుతుంది. పొగగూటిలో పావురాల గూళ్లు, గబ్బిలాల రెట్ట, ఏళ్ల తరబడి మసి ఉంటాయి. మాస్కు ఇక్కడే అవసరం. తీసిన ఇటుకలకు అంటుకున్న సున్నాన్ని ఉలితో మెల్లగా గీకండి, సున్నపు కట్టుబడి కాబట్టి ఇట్టే వచ్చేస్తుంది. సిమెంటుతో కట్టి ఉంటే ఇటుకే విరుగుతుంది. పొయ్యి వైపున నల్లగా, పెళుసుగా మారినవి పక్కన పడేయండి.

6. కాళ్ల మీద వాలు పాదం. కమాను మొదటి ఇటుక సమతలంగా కూర్చోదు, వాలుగా కూర్చుంటుంది. మన లెక్కలో ఆ వాలు, పైకి 4 అంగుళాలు వెళ్తే బయటికి 3. ఈ కొలతతో ఒక అట్ట ముక్క కోసి పెట్టుకుని, రెండు కాళ్ల మీదా ఇటుకలు ఆ వాలుకు కోసి కట్టండి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఇటుక కోయడం బద్ధకమై, వాలు మొత్తం మాలుతో నింపేస్తారు. అంత మాలు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, కమాను ఆ మేరకు కిందికి దిగుతుంది. రెండు పాదాలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని రసమట్టంతో చూడండి, నీళ్ల ట్యూబు ఉంటే ఇంకా నయం. రెండు రోజులు ఆరనివ్వండి.

7. అచ్చు తయారీ. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు ముక్కలు ఒకే వంపుకు కోయాలి. వాటి మీద 12 మిల్లీమీటర్ల పట్టీలు అడ్డంగా కొడతాం కదా, ఆ మందం తీసేయాలి. అంటే ప్లైవుడ్ వంపు 40 అంగుళాలకు కాదు, 39న్నరకు. నా మొదటి అచ్చు 40కే కోయించాను. అచ్చు ఎక్కించాక చూస్తే పట్టీలు పాదం కంటే అర అంగుళం పైకి లేచాయి, మొత్తం షీటు దండగ. గీయడానికి దారం వాడకండి, సాగుతుంది. సన్నటి రీపుకు ఒక చివర మేకు, 39న్నర దగ్గర పెన్సిల్ పెట్టి తిప్పండి.

అచ్చు మందం 8 అంగుళాలు చాలు. గోడ ముఖం కంటే అటూ ఇటూ అర అంగుళం లోపలికి ఉంటే దారం కట్టి సరిచూసుకోవడానికి వీలుంటుంది. కమాను ఇటుకలు, మాలు కలిపి సుమారు 130 నుంచి 140 కిలోలు ఉంటుంది, మీద ఒక మనిషి చెయ్యి ఆనించే బరువు అదనం. కాబట్టి కింద నాలుగు బాదులు, ఒక్కో బాదు నెత్తిన రెండేసి వాలు చెక్కలు ఎదురెదురుగా పెట్టండి. వాటిని లోపలికి కొడితే అచ్చు లేస్తుంది, బయటికి లాగితే దిగుతుంది. ఈ వాలు చెక్కలు లేకుండా మేకులు కొట్టేసే కార్పెంటర్లున్నారు. వాళ్లు అచ్చును తీయలేరు, పగలగొడతారు. ఆ దెబ్బలన్నీ పచ్చి కమానుకు తగులుతాయి.

8. మాలు లేకుండా ఒకసారి పేర్చి చూడండి. స్టీల్ టేపును అచ్చు మీద వంచి, వంపు మొత్తాన్ని 23 గళ్లుగా గుర్తు పెట్టండి. ఒక్కో గడి 57 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. నడిమి గీతకు రెండు పక్కలా సగం సగం ఉండేలా మొదటి గడి గీసి, అక్కడి నుంచి కాళ్ల వైపు రండి. కాళ్ల నుంచి మొదలుపెడితే చివరికి నడినెత్తిన ఒకటిన్నర ఇటుక ఖాళీ మిగులుతుంది, దాన్ని మాలుతో కప్పిపుచ్చుతారు. పాత ఇటుకలు అన్నీ ఒకే మందం ఉండవు. లావువి, సన్నవి రెండు కుప్పలు చేసి, రెండు వైపులా జతలు జతలుగా వాడండి.

9. కట్టుబడి. ఇటుకల్ని బుడగలు ఆగేదాకా నీళ్లలో ముంచి, తీసి, పైన తడి మెరుపు పోయేదాకా ఆరబెట్టండి. పొడి ఇటుక మాలులో నీళ్లు పీల్చేస్తుంది. నీళ్లు కారుతున్న ఇటుక జారుతుంది. మాలు తాపీ మీద నిలబడాలి, తాపీ తిప్పితే బద్ధకంగా జారాలి.

రెండు కాళ్ల నుంచి ఒకేసారి, అటొకటి ఇటొకటి పెట్టుకుంటూ పైకి రండి. ప్రతి రెండు ఇటుకలకూ మూడో మెట్టులో చెప్పిన నడిమి మేకు దగ్గర నుంచి దారం లాగి చూడండి. దారం అతుకు నడిమధ్య నుంచి పోవాలి. పోకపోతే ఆ ఇటుక తల వాల్చింది, అప్పుడే తీసి పెట్టండి. చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. ఒకసారి కూర్చున్న ఇటుకను గంట తర్వాత మళ్లీ కదపొద్దు.

ఆఖరిది నడినెత్తి ఇటుక. దాని రెండు పక్కలా, అది కూర్చునే చోట కూడా మాలు పట్టించి, చేత్తో నొక్కి, రెండు మూడు తట్లతో దించండి. సులువుగా జారిపోతే వదులు. గట్టిగా కొట్టాల్సి వస్తే బిగువు. అలా కొడితే పక్క ఇటుకల పట్టు వదిలిపోతుంది. మా మేస్త్రీ ఆ ఇటుక దించేటప్పుడు బీడీ పారేసి, నన్నూ మాట్లాడొద్దన్నాడు. తట్టిన చప్పుడు 'టప్' నుంచి 'ఠక్'గా మారేదాకా తట్టి, ఆ తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు రెండో వరస. దీనికి 25 ఇటుకలు పడతాయి. రెండు వరసలకీ నడుమ మాలు సందులు లేకుండా నిండాలి.

10. సెంట్రింగ్ సంగతి. ముందు కమాను భుజాలు, అంటే కాళ్లకీ నడినెత్తికీ మధ్య పైన మిగిలే మూలలు, రెండు వైపులా సమంగా ఇటుకతో నింపండి. భుజాల మీద బరువు లేకుండా నెత్తిన బరువు పడితే భుజాలు పైకి తన్నుతాయి. భుజాలు నింపిన మర్నాడు నాలుగు బాదుల వాలు చెక్కల్నీ కొద్దిగా, 2 మిల్లీమీటర్లు మాత్రమే, సడలించండి. కమాను తన బరువు తాను మోస్తూ అతుకుల్ని నొక్కుకుంటుంది. అచ్చు మాత్రం కిందే ఉంటుంది, జారితే పట్టుకోవడానికి. ఇటుక పొడి కలిపిన సున్నపు మాలుకు 14 రోజుల తర్వాతే పూర్తిగా తీయండి. ముసురు పట్టి ఉంటే 21.

నా మొదటి పనిలో, పెందుర్తిలో పెళ్లి ఉందని మేస్త్రీ తొందరపెడితే నేనూ తలూపాను. మూడో రోజే అచ్చు లాగేశాం, భుజాలు నింపనే లేదు. సాయంత్రానికి నడుము ముప్పావు అంగుళం దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ మొత్తం విప్పి మళ్లీ కట్టాం. తప్పు నాదే, ఆపాల్సినవాణ్ణి నేను.

11. తడి. సున్నానికి సిమెంటులా నీళ్లు పోయకూడదు. తడి గోనె సంచులు కప్పి, పొడిబారకుండా రోజుకు రెండు మూడుసార్లు చిలకరిస్తే చాలు, పది రోజులు. మే నెలలో వడగాలి కొట్టే రోజుల్లో కిటికీలు మూసేయండి. అసలు ఈ పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలంలో పైకప్పు విప్పి ఉంటే మొదలుపెట్టొద్దు.

12. పైన గోడ కట్టి, ఊతం తీయడం. కమానుకూ పాత గోడకూ మధ్య ఖాళీని ఇటుక ముక్కలు, మాలుతో గట్టిగా కూరండి. వారం ఆగి ఊతపు చెక్కలు లాగి, ఆ బెజ్జాలూ పూడ్చండి. ఇది అయ్యేదాకా కింద అచ్చు ఉంటేనే మంచిది.

సున్నం దొరకకపోతే

సిమెంటు ఒకటి, సున్నం రెండు, ఇసుక తొమ్మిది పాళ్లు కలిపి వాడొచ్చు. దీనికి అచ్చు ఏడు రోజులకు తీయొచ్చు. ఒట్టి సిమెంటు మాలు, అందులోనూ ఒకటికి మూడు పాళ్ల గట్టి మాలు మాత్రం వద్దు. మెత్తటి పాత ఇటుక కంటే మాలు గట్టిదైతే, కదలిక వచ్చినప్పుడు అతుకు కాదు, ఇటుక పగులుతుంది. గూటి లోపల మంట నేరుగా తగిలే వెనక గోడకు ఫైర్ బ్రిక్స్, ఫైర్ క్లే వేరే కట్టుకోండి. ఆ ఫైర్ బ్రిక్ వరసను కమానుకు అతికించేయకుండా వేలు మందం సందు వదలండి, వేడికి అది పెరుగుతుంది. పైన వాల్ పుట్టీ, ఎనామిల్ పెయింటు వేయొద్దు, పెచ్చులూడతాయి. సున్నం వెల్ల చాలు.

బాగా వచ్చిందో లేదో ఎలా చూడాలి

అచ్చు తీయక ముందే రెండు పాదాల మధ్య దారం బిగించి కట్టి, నడినెత్తికీ దారానికీ మధ్య ఎత్తు కొలిచి గోడ మీద రాయండి. తీసిన వెంటనే ఒకసారి, మర్నాడు, వారానికి మళ్లీ కొలవండి. 2, 3 మిల్లీమీటర్లు దిగితే సహజం. 6 దాటితే అచ్చు తిరిగి పెట్టి, కాళ్లు కదిలాయేమో చూడండి. ప్రతి రోజూ కొంచెం కొంచెం దిగుతూనే ఉంటే, ఎంత తక్కువైనా సరే, ఇంజినీరును పిలవాల్సిందే.

తాపీ పిడితో ఒక్కో ఇటుకా తట్టండి. డొల్లగా మోగిన దాని వెనక మాలు లేదు. ఒకటీ అరా అయితే ఆ అతుకు అంగుళం లోతు గీకి, తడిపి, మళ్లీ కూరొచ్చు. వరసగా మూడు డొల్లగా పలికితే మాత్రం కూరి సరిపెట్టుకోకండి, అచ్చు పెట్టి ఆ భాగం విప్పండి. వెంట్రుకంత సన్న గీతలు అతుకుల్లో వస్తే కంగారు వద్దు, సున్నం ఆరేటప్పుడు వచ్చేవే. గీత ఇటుకలోంచి పోతే మాత్రం తేదీ రాసి కనిపెట్టాలి.

మొదటి మంట

అచ్చు తీసిన నాలుగు వారాలకు ముందు వెలిగించొద్దు. అంతకన్నా ముందు పొగ చూడాలి. మూకుడులో నిప్పులు వేసి సాంబ్రాణి చల్లి, పొయ్యి గూటిలో పెట్టి, తలుపులు మూయండి. పొగ తిన్నగా పైకి పోవాలి. వంటింట్లోకి తిరిగొస్తే పొగగొట్టంలో ఇంకా ఏదో అడ్డముంది. కమాను అతుకుల్లోంచి సన్నగా చిమ్మితే ఆ చోటు సుద్దతో గుర్తుపెట్టి, చల్లారాక కూరండి.

ఆ తర్వాత మొదటి రోజు నాలుగు పుల్లలతో అరగంట, రెండో రోజు గంట, మూడో రోజు రెండు గంటలు. లోపల మిగిలిన తడి మెల్లగా ఆవిరై పోవాలి, ఒక్కసారిగా పోతే అతుకులు పేలతాయి. మా ఇంట్లో మూడో రోజు అమ్మమ్మ ఆ పొయ్యి మీద పాలు పొంగించింది. నాలుగో రోజు పొద్దున దారం కట్టి కొలిస్తే ఎత్తు ముందు రోజు రాసినంతే ఉంది.